కొత్త మూత్రపిండానికి ముందు మూత్రాశయ పరీక్ష ఎందుకు?

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన ఒక యువకునికి అతని తల్లి తన మూత్రపిండం ఇవ్వడానికి సిద్ధపడిందనుకుందాం. రక్తవర్గాలు కలిశాయి. మిగిలిన పరీక్షలలోనూ ఆటంకమేదీ కనబడలేదు. అయినా వైద్యులు శస్త్రచికిత్సకు తేదీ ఇవ్వక, ముందు మూత్రాశయం సంగతి తేలాలని మరికొన్ని పరీక్షలు వ్రాసి ఇస్తారు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు తిరుగుతూ, ఆ రోజుల కూలిని పోగొట్టుకుంటున్న కుటుంబానికి ఈ ఆలస్యం అర్థం కాదు. చెడినది మూత్రపిండం కదా, మూత్రాశయంతో పనేమిటన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. సరైన సమాధానం దొరకనప్పుడు కొందరు విసుగుచెంది ఆసుపత్రి మారుస్తారు; మరికొందరు దళారుల మాటలు నమ్ముతారు. ధారావి, కామాటిపురా, వర్లీ ప్రాంతాల చాళ్ళలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయాన్ని తమ భాషలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూత్రాశయం చేసే రెండు పనులు

మూత్రపిండాలు రక్తాన్ని వడపోసి మూత్రాన్ని తయారుచేస్తాయి. ఆ మూత్రం రెండు సన్నని నాళాల గుండా మూత్రాశయానికి చేరుతుంది. మూత్రాశయానికి రెండే పనులు: మూత్రాన్ని తక్కువ ఒత్తిడితో నిలువ ఉంచడం, తగిన సమయంలో పూర్తిగా వెలుపలికి పంపడం. ఆరోగ్యవంతులైన పెద్దలలో అది సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రాన్ని పట్టుకోగలదు. పిల్లల విషయంలో ఒక సులభమైన లెక్క ఉన్నది: వయస్సుకు రెండు కలిపి ముప్ఫైతో హెచ్చిస్తే సుమారు సామర్థ్యం తెలుస్తుంది. ఆ ప్రకారం ఆరేళ్ళ బాలుని మూత్రాశయం సుమారు 240 మిల్లీలీటర్లు పట్టాలి.

మంచి మూత్రాశయం నిండుతున్నకొద్దీ సాగుతుంది; లోపలి ఒత్తిడి అంతగా పెరగదు. గోడలు దళసరెక్కి బిగుసుకుపోయినా, నరాల అదుపు తప్పినా, వెలుపలికి పోయే దారి మూసుకుపోయినా ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన స్థాయిని దాటి కొనసాగితే మూత్రపిండాలకు ప్రమాదమని వైద్యులు పరిగణిస్తారు.

చాల్ గదిలో మోరీ మూసుకుపోతే ఏమి జరుగుతుందో ఇక్కడి గృహిణులందరికీ తెలుసు. నీరు పోయే దారి లేక వెనుకకు తన్ని గదిలోకి వస్తుంది. అప్పుడు పాత కుళాయి తీసి కొత్త కుళాయి బిగించినా ప్రయోజనం ఉండదు. మూత్రాశయ దోషం వలన మూత్రపిండాలు చెడిన రోగి పరిస్థితి ఇదే. దోషాన్ని అలాగే ఉంచి మార్పిడి చేస్తే, పాత మూత్రపిండాలను పాడుచేసిన ఒత్తిడే కొత్తదానినీ పాడుచేస్తుంది. తల్లి ఇచ్చిన అవయవాన్ని రెండవసారి ఇవ్వడానికి వీలులేదు. వైద్యులు తొందరపడకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఏయే దోషాల వలన ఈ స్థితి కలుగుతుంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్న సంగతి తెలుగువారికి తెలిసినదే. అక్కడ దెబ్బతినేది ముఖ్యంగా మూత్రపిండమే. మధుమేహం, అధిక రక్తపోటు కూడా సాధారణంగా మూత్రపిండాన్నే ముందుగా దెబ్బతీస్తాయి. ఈ వ్యాసంలో ప్రస్తావిస్తున్న రోగులలో మాత్రం వ్యాధి క్రింది నుండి పైకి ప్రాకుతుంది.

మగ శిశువులలో పుట్టుకతో వచ్చే ఒక దోషం వీటిలో ముఖ్యమైనది. మూత్రమార్గం లోపల పలుచని పొరలు కవాటాల వలె అడ్డుపడతాయి. బిడ్డ గర్భంలో ఉండగానే మూత్రాశయం ఆ అడ్డంకితో పెనుగులాడి దళసరెక్కుతుంది. పుట్టిన తరువాత దుర్భిణి సహాయంతో ఆ పొరలను తొలగించవచ్చు. అయితే అడ్డు తొలగినంత మాత్రాన మూత్రాశయం మామూలు స్థితికి వస్తుందని చెప్పలేము. కొందరిలో అది జీవితాంతం బిగుసుగానే ఉండి, యౌవనానికి ముందో తరువాతో మూత్రపిండాలు విఫలమవుతాయి. మూత్రం ధారగా రాక చుక్కలుగా పడే బాలుని, మాటిమాటికి మూత్రజ్వరం వచ్చే శిశువును పెద్దయితే సర్దుకుంటుందని వదిలివేయరాదు.

మూత్రాశయంలోని మూత్రం నాళాల గుండా తిరిగి పైకి ఎగదన్నడం మరొక దోషం. వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా పుట్టిన పిల్లలలోను, ఎత్తు నుండి పడి వెన్నుపాముకు దెబ్బ తగిలిన కార్మికులలోను మూత్రాశయానికి వెళ్ళే నరాలు చెడిపోతాయి. నల్గొండ, ప్రకాశం జిల్లాలలో తాగునీటి ఫ్లోరైడ్ వలన ఎముకలు బిగుసుకుపోయే వ్యాధి తీవ్ర దశలో వెన్నుపామును నొక్కి, కొందరిలో మూత్ర నియంత్రణను కూడా దెబ్బతీయవచ్చు. ఆ ప్రాంతాల నుండి వలస వచ్చినవారు తమ స్వగ్రామం పేరును వైద్యునికి చెప్పడం మంచిది. వెన్నెముక దోషాలను చాలావరకు నివారించే ఫోలిక్ ఆమ్లం మాత్రలను స్త్రీలు గర్భం దాల్చడానికి ముందు నుండే వైద్య సలహాపై తీసుకోవాలి.

పెద్దవయస్సు పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి వాపు, పాత గాయాల వలన మూత్రమార్గం సన్నబడటం కూడా ఇదే కోవకు చెందుతాయి. డయాలసిస్‌పై ఉండి మూత్రమే రాని వ్యక్తికి ప్రోస్టేట్ అడ్డంకి ఉన్నట్లు తెలియదు. కొత్త మూత్రపిండం మూత్రం తయారుచేయడం మొదలుపెట్టిన తరువాతనే అది బయటపడుతుంది.

క్షయ అంటే ఊపిరితిత్తుల వ్యాధి మాత్రమే కాదు

గాలి వెలుతురు తక్కువగా ఉండే ఇరుకు నివాసాలలో క్షయ సులభంగా వ్యాపిస్తుంది. క్షయక్రిములు రక్తం ద్వారా మూత్రపిండాలకు చేరి, అక్కడి నుండి మూత్రాశయానికి దిగుతాయి. సరైన కాలంలో చికిత్స జరగకపోతే మూత్రాశయం మచ్చలుపడి చిన్న గిన్నె అంతగా కుంచించుకుపోతుంది. అరగంటకొకసారి మూత్రానికి పోవలసిరావడం, మంట, మూత్రంలో రక్తం, సాధారణ యాంటీబయాటిక్ మందులకు లొంగకపోవడం దీని లక్షణాలు. మూత్రంలో చీముకణాలు ఉన్నా మామూలు పరీక్షలో క్రిమి ఏదీ పెరగకపోతే వైద్యులు క్షయను అనుమానిస్తారు.

క్షయకు మందులు ప్రభుత్వ కార్యక్రమం క్రింద ఉచితంగా లభిస్తాయి. మార్పిడికి ముందే ఈ చికిత్స జరగడం అవసరం. క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ అనే మందు, మార్పిడి తరువాత వాడే టాక్రోలిమస్ వంటి మందుల ప్రభావాన్ని బాగా తగ్గిస్తుంది. అందువలన పూర్వం ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే, పదేళ్ళు దాటినా, ఆ విషయాన్ని దాచకుండా వైద్యునికి చెప్పాలి. సంబంధాలు చెడుతాయనో, మార్పిడికి నిరాకరిస్తారనో భయపడి దాచినందువలన నష్టపోయేది రోగియే.

మార్పిడికి ముందు జరిపే పరీక్షలు

మొదటిది రోగి కథనం. బాల్యంలో శస్త్రచికిత్స జరిగిందా, పక్క తడిపే అలవాటు ఎంతకాలం ఉండినది, మలబద్ధకం ఉన్నదా, రోజుకు ఎంత మూత్రం వస్తున్నది అని అడుగుతారు. శైశవంలో ఊరిలో చేయించిన శస్త్రచికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రేలు ఉంటే అవి ఇప్పుడు ఎంతో ఉపకరిస్తాయి.

తరువాత మూత్రపరీక్ష, అల్ట్రాసౌండ్ జరుపుతారు. మూత్రవిసర్జన తరువాత లోపల ఎంత మిగిలిపోయిందో అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. అనుమానం ఉన్నవారికి మూత్రాశయాన్ని ఎక్స్‌రేలో కనబడే ద్రవంతో నింపి, విసర్జించే సమయంలో చిత్రాలు తీస్తారు. మూత్రం పైకి ఎగదన్నుతున్నదీ లేనిదీ, మార్గంలో అడ్డు ఉన్నదీ లేనిదీ ఇందులో తేటపడుతుంది. యూరోడైనమిక్ పరీక్షలో సన్నని గొట్టం ద్వారా మూత్రాశయాన్ని నెమ్మదిగా నింపుతూ లోపలి ఒత్తిడిని కొలుస్తారు. అవసరమైతే దుర్భిణితో లోపలి భాగాన్ని స్వయంగా చూస్తారు.

ఈ పరీక్షలు కొంత అసౌకర్యాన్ని, సిగ్గును కలిగించవచ్చు. స్త్రీ రోగులు తమతో మహిళా సిబ్బంది ఉండాలని కోరవచ్చు. మామూలు మూత్రాశయం గల ప్రతి రోగికీ ఇవన్నీ అవసరం లేదు. ఎవరికి అవసరమో పాత చరిత్రను బట్టి నిర్ణయిస్తారు.

ఒక విషయంలో భయపడనక్కరలేదు. చాలాకాలం డయాలసిస్‌పై ఉండి మూత్రం రాని వారిలో, వాడుక లేక, ఆరోగ్యకరమైన మూత్రాశయం కూడా ముడుచుకుపోతుంది. కొత్త మూత్రపిండం నుండి మూత్రం రావడం మొదలైన తరువాత అటువంటి మూత్రాశయం కొన్ని వారాలలో, నెలలలో తిరిగి సాగుతుంది. పరీక్షలో సామర్థ్యం తక్కువగా కనబడినంత మాత్రాన శస్త్రచికిత్స తప్పదని అనుకోరాదు.

సరిచేసే మార్గాలు

ఒకే తీరు జన్యువులు గల కవల సోదరుల మధ్య, 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ మర్రే బృందం చేసిన మార్పిడి ప్రపంచంలో విజయవంతమైన మొదటి మూత్రపిండ మార్పిడి. భారతదేశంలో మొదటి ప్రయత్నం 1965లో ముంబయిలోనే, పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో జరిగింది. 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో సజీవ దాత నుండి చేసిన మార్పిడి విజయవంతమైంది. ఆ తొలి దినాలలో మూత్రాశయం చెడినవారిని మార్పిడికి అనర్హులుగా భావించేవారు. వారికి దారి తెరచినవి తరువాత వచ్చిన మూడు పద్ధతులు.

మొదటిది, చిన్నప్రేగు ముక్కతో పొట్టపై ఒక ద్వారం ఏర్పరచి, మూత్రాన్ని సంచిలోకి మళ్ళించడం. 1966లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు ఇటువంటి ప్రేగు మార్గానికి కొత్త మూత్రపిండాన్ని కలిపిన అనుభవాన్ని ప్రకటించారు. మూత్రాశయం ఏమాత్రం పనికిరానప్పుడు ఈ మార్గం ఇప్పటికీ ఆధారమే.

రెండవది, రోగి తానే శుభ్రమైన సన్నని గొట్టంతో, అనగా క్యాథెటర్‌తో, నిర్ణీత వేళలలో మూత్రాశయాన్ని ఖాళీ చేసుకోవడం. 1972లో జాక్ లాపిడెస్ అనే అమెరికన్ వైద్యుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. శస్త్రచికిత్స గదిలో వలె క్రిమిరహితంగా ఉండనవసరం లేదు, శుభ్రంగా ఉంటే చాలు, అన్నింటికంటె ముఖ్యం మూత్రం లోపల నిలిచిపోకుండా చూడడమని ఆయన చూపాడు. మూత్రమార్గం గుండా గొట్టం వేసుకోవడం సాధ్యం కానివారికి, 1980లో ఫ్రాన్సు దేశపు పాల్ మిత్రోఫనోఫ్ అపెండిక్స్‌ను ఉపయోగించి పొట్టపై నుండి మూత్రాశయానికి సన్నని దారి కల్పించే పద్ధతిని వివరించాడు.

మూడవది, కుంచించుకుపోయిన మూత్రాశయాన్ని ప్రేగు ముక్క అతికి పెద్దది చేయడం. దీనివలన లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అయితే ప్రేగు తన స్వభావాన్ని మానదు. జిగురు స్రవిస్తుంది, రాళ్ళు ఏర్పడవచ్చు, రక్తంలో ఆమ్లత పెరగవచ్చు. చాలామందికి ఆ తరువాత జీవితాంతం క్యాథెటర్ అవసరమవుతుంది. అందువలన మందులతో, క్యాథెటర్‌తో ఒత్తిడి తగ్గేవారికి ఈ శస్త్రచికిత్స చేయరు. చేయవలసివస్తే, రోగనిరోధక శక్తిని అణచే మందులు మొదలుకాక ముందే, గాయం చక్కగా మానే సమయంలో చేయడానికి సాధారణంగా మొగ్గుచూపుతారు. ఆ తరువాత మార్పిడికి కొన్ని నెలలు ఆగవలసిరావచ్చు.

ఈ విధంగా మూత్రాశయాన్ని ముందుగా సిద్ధపరచి, తరువాత క్రమం తప్పక చూసుకుంటే, ఇటువంటి రోగులలో కూడా కొత్త మూత్రపిండం ఇతరులలో మాదిరిగానే దీర్ఘకాలం పనిచేయగలదని అనుభవం తెలుపుతున్నది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు మాత్రం వీరిలో ఎక్కువ.

చాల్ జీవితంలో క్యాథెటర్

వైద్యుడు రోజుకు నాలుగైదు సార్లు క్యాథెటర్ వేసుకోమని చెప్పడం సులభం. పది అడుగుల గదిలో ఆరుగురు నివసించే చోట, మరుగుదొడ్డి సందు చివర ఉండి దాని ముందు వరుస ఉన్నప్పుడు, ఆ మాట పాటించడం కష్టం. ఈ కష్టాన్ని రోగి సిగ్గుపడి చెప్పకపోతే వైద్యునికి తెలియదు. ఇబ్బంది ఉన్నదని ముందే చెబితే తగిన ఉపాయం వెదకవచ్చు.

క్యాథెటర్‌కు సామూహిక మరుగుదొడ్డి తప్పనిసరి కాదు. గదిలోని మోరీ వద్ద తెర కట్టుకొని, మూతగల పాత్రలోకి మూత్రాన్ని వదిలి, తరువాత పారబోయవచ్చు. ముఖ్యమైనది చేతుల శుభ్రత: సబ్బుతో, మంచినీటితో కడుక్కోవాలి. కుళాయి నీరు కొద్దిసేపే వచ్చే చోట ఇందుకోసం ప్రత్యేకంగా మూతపెట్టిన బిందెలో నీరు ఉంచుకోవాలి. క్యాథెటర్‌ను తిరిగి వాడవచ్చునా, వాడితే ఎలా శుభ్రపరచాలి, ఎన్నాళ్ళకు మార్చాలి అన్నది చికిత్స చేసే ఆసుపత్రి చెప్పిన ప్రకారం జరగాలి. ఒకరిది మరొకరు వాడరాదు.

మరుగుదొడ్డికి పోవడం ఇబ్బందని నీరు తాగడం మానివేయడం, గంటల తరబడి ఆపుకోవడం స్త్రీలలోను, బడిపిల్లలలోను కనబడే అలవాటు. మార్పిడి జరిగినవారికి ఇది హానికరం. కొత్త మూత్రపిండం రాత్రింబవళ్ళు మూత్రం తయారుచేస్తుంది. మూత్రాశయం నిండి ఉబ్బితే ఒత్తిడి నేరుగా దానిపై పడుతుంది. కొందరికి రాత్రంతా క్యాథెటర్ ఉంచి సంచిలోకి వదలమని కూడా చెబుతారు. బడికి వెళ్ళే పిల్లవాని విషయం ప్రధానోపాధ్యాయునికి ముందుగా తెలిపి, తరగతి మధ్యలో వెళ్ళడానికి అనుమతి పొందాలి. దసరాకు, బతుకమ్మకు, సంక్రాంతికి రైలులో ఊరికి వెళ్ళేటప్పుడు మందులు, క్యాథెటర్లు అవసరానికి మించి వెంట తీసుకువెళ్ళాలి. ప్రయాణమని ఒక్క పూట కూడా మానరాదు.

శస్త్రచికిత్స తరువాత

కొత్త మూత్రపిండాన్ని సాధారణంగా పొత్తికడుపులో ఒక ప్రక్కన అమర్చి, దాని నాళాన్ని మూత్రాశయానికి కలుపుతారు. పాత మూత్రపిండాలను మామూలుగా తొలగించరు. మాటిమాటికి చీముపట్టడం, రాళ్ళు, అదుపుకు రాని రక్తపోటు వంటి కారణాలుంటేనే తీసివేస్తారు. నాళం అతుకు మానేవరకు లోపల సన్నని గొట్టం ఒకటి ఉంచి, కొన్ని వారాల తరువాత తీస్తారు. ఆ తేదీని మరువకూడదు. లోపలే ఉండిపోతే రాళ్ళు కట్టి ప్రమాదకరమవుతుంది.

రోగనిరోధక శక్తిని అణచే మందులు మూత్రపిండం పనిచేసినంతకాలం వాడాలి. ఆరోగ్యం బాగుందని మానివేసినా, డబ్బు సరిపోక సగం వేసుకున్నా శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది. మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు తీసుకోరాదు. కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా ఈ మందులతో పడవు. కాబట్టి ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా మార్పిడి జరిగిన సంగతి ముందుగా చెప్పాలి.

జ్వరం, చలి, పొత్తికడుపులో కొత్త మూత్రపిండం ఉన్న చోట నొప్పి, మూత్రం తగ్గడం, రక్తం పడడం, క్యాథెటర్ లోపలికి పోకపోవడం, కాళ్ళ వాపు: వీటిలో ఏది కనిపించినా మరుసటి రోజు వరకు ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. మూత్రాశయాన్ని ప్రేగుతో పెద్దది చేసినవారికి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే అది అత్యవసర పరిస్థితి.

దాత హక్కులు, చట్టం, ఖర్చు

అవయవ మార్పిడి 1994 నాటి కేంద్ర చట్టం, దాని 2011 సవరణ ప్రకారం జరుగుతుంది. తల్లిదండ్రులు, సంతానం, సోదరసోదరీలు, భార్యాభర్తలు, తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు, మనుమలు మనుమరాళ్ళు సమీప బంధువులుగా పరిగణింపబడతారు. ఇతరులు ఇవ్వదలిస్తే అధికార సమితి అనుమతి అవసరం. రెండు కుటుంబాలలో దాతల రక్తవర్గాలు కలవనప్పుడు పరస్పరం మార్చుకోవడానికి కూడా చట్టం అవకాశమిచ్చింది. అవయవాన్ని కొనడం, అమ్మడం, దళారీతనం చేయడం నేరం. 5 నుండి 10 సంవత్సరాల కారాగారం, 20 లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

మన దేశంలో సజీవ దాతలలో ఎక్కువమంది స్త్రీలే. తల్లి, భార్య ఇవ్వక తప్పదన్న భావన ఇంట్లో ఉండరాదు. దాతకు నిరాకరించే హక్కు ఉన్నది. ఒప్పుకున్న తరువాత కూడా శస్త్రచికిత్సకు ముందు ఎప్పుడైనా వెనుకకు తగ్గవచ్చు. ఈ విషయం వైద్యునితో ఒంటరిగా మాట్లాడవచ్చు.

దాత లేనివారు మరణించినవారి నుండి లభించే అవయవం కోసం గుర్తింపు పొందిన ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ రాష్ట్రంలోనే స్థిరనివాసం ఉండాలన్న నిబంధనను తొలగించవలసినదిగా కేంద్ర ప్రభుత్వం 2023లో రాష్ట్రాలకు సూచించింది. వలస వచ్చినవారికి ఇది ముఖ్యమైన విషయం. జాతీయ అవయవ మార్పిడి సంస్థ ఉచిత ఫోన్ 1800 11 4770 ద్వారా సమాచారం పొందవచ్చు.

మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన క్రింద మూత్రపిండ మార్పిడికి ఇచ్చే సహాయ పరిమితిని 2.5 లక్షల నుండి 4.5 లక్షల రూపాయలకు పెంచాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. రేషన్ కార్డు ఇంకా స్వగ్రామంలో ఉన్నవారు ఏ పథకం తమకు వర్తిస్తుందో మొదటిరోజే ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్తను అడగడం మంచిది. పత్రాలు సమకూర్చుకోవడానికి సమయం పడుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

ధారావి నివాసులకు సయన్‌లోని లోకమాన్య తిలక్ ఆసుపత్రి, కామాటిపురా వారికి ముంబయి సెంట్రల్‌లోని నాయర్ ఆసుపత్రి దగ్గర. పరేల్‌లో కె.ఇ.ఎం. ఆసుపత్రి ఉన్నది. మూత్రసంబంధమైన లక్షణాలున్నవారు మొదట సమీప మునిసిపల్ దవాఖానాలో చూపించుకుని, చీటీ తీసుకుని ఈ ఆసుపత్రుల మూత్రవ్యాధి విభాగానికి వెళ్ళవచ్చు. హిందీ, మరాఠీ సరిగా రానివారు ఇంట్లో ఆ భాష తెలిసిన పెద్దవారిని తోడు తీసుకువెళ్ళడం మేలు. బడిపిల్లలచేత తల్లి వ్యాధి వివరాలు చెప్పించడం ఉభయులకూ ఇబ్బందికరం.

మార్పిడికి ముందు మూత్రాశయం కోసం గడిపే నెలలు వృథా కాలం కావు. ఆ సమయంలో డయాలసిస్ తప్పక చేయించుకుంటూ, క్యాథెటర్ వాడకం నేర్చుకుంటూ, పాత కాగితాలు, పథకం పత్రాలు సిద్ధం చేసుకుంటే శస్త్రచికిత్స నాటికి రోగి, దాత, కుటుంబం అందరూ సన్నద్ధులై ఉంటారు. ఆలస్యానికి కారణం తెలియకపోతే వైద్యుని అడగవలసిన ప్రశ్నలు మూడు: మూత్రాశయంలో దోషం ఏమిటి, దానిని సరిచేయడానికి ఏమి చేయబోతున్నారు, ఆ తరువాత ఎన్నాళ్ళకు మార్పిడి జరుగుతుంది. వీటికి సమాధానం పొందడం రోగి హక్కు. ఆ సమాధానాన్ని కాగితంపై వ్రాయించుకోవడం మరింత ఉత్తమం.